గాజు పలక కింద పొర

జూన్ 4

పెన్సిలమ్మకి,

ఈ అక్షరాలు చూసి కాగితం మీద కోడి తిరిగిందనుకోకు. తిరిగింది నా కుడిచెయ్యే. కట్టు సగం విప్పారు. చూపుడువేలూ బొటనవేలూ ఒకదాన్నొకటి మర్చిపోయాయి. వాటికి మళ్లీ స్నేహం కుదరాలంటే రోజూ ఒక పేజీ రాయాలని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఏం రాయను అంటే పేపర్లో వార్తలు ఎక్కించమంది. లోకంలో గొడవలన్నీ నా చేత్తో మళ్లీ రాయడమెందుకు, మేనకోడలికి రాస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. షరతు ఒకటే. ఉత్తరంలో రాసినవి ఫోనులో మాట్లాడకూడదు. మాట్లాడేస్తే రాయడానికి ఏమీ మిగలదు, వేళ్లు మళ్లీ బిగుసుకుపోతాయి.

మీ అమ్మ నీకు ఎంత చెప్పిందో తెలీదు. జరిగింది ఇది. ఆసుపత్రి నర్సమ్మ తన కరెంటు స్కూటర్ బ్యాటరీ ప్యాక్ బాగుచెయ్యమని నా షాపుకి తెచ్చింది. అందులో రెండు సెల్స్ చచ్చిపోయాయి. మార్చాను, అతుకులు వేశాను, చార్జింగ్ పెట్టి చూశాను, అంతా బాగుంది. మూడో రోజు ఆవిడ మళ్లీ వచ్చి "సీటు కింద వేడిగా ఉందండీ" అంది. ప్యాక్ తీసి బల్ల మీద పెట్టానో లేదో పొగ. బయటికి ఈడ్చేసరికి మంట. పక్క షాపు కర్టెన్లవాళ్లది కాబట్టి ఈడ్చక తప్పలేదు. ఎవరికీ ఏమీ కాలేదు, నా చెయ్యి తప్ప. కాలిన ప్యాక్ వెనక గదిలో ఇసుక డ్రమ్ములో ఉంది. షట్టర్ దించి నెల దాటింది.

తమాషా ఏంటంటే నా చేతికి కట్టు కట్టేది ఆ నర్సమ్మే. "నా బండెప్పుడిస్తారు?" అని అడుగుతూ కడుతుంది. మెత్తగా కడుతుంది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నువ్వు చదివేది బ్యాటరీ లోపల వేడికి ముడుచుకోని పొర గురించేనట కదా. నిజమా? పెద్ద పెద్ద మాటలు లేకుండా చెప్పు.

పేజీ అయిపోయింది.
చిన్న మామయ్య


జూన్ 9

చిన్న మామయ్యా,

నీ ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పట్టింది. నేను చదవడానికి అరగంట పట్టింది. "స్నేహం" అన్న మాట దగ్గర నీ పెన్ను రెండుసార్లు జారింది. ఆ జారిన గీత మీద వేలు పెట్టి చూసుకున్నాను.

ఇక్కడికి వచ్చాక మాటల పుస్తకం ఒకటి పెట్టాను. రోజుకో మాట. నీ ఉత్తరం వచ్చిన రోజు "పొర" అని రాసుకున్నాను. ఉల్లిపాయకి పొర, కంటికి పొర, ఇప్పుడు బ్యాటరీకి పొర. మా పుస్తకాల్లో దాన్ని సెపరేటర్ అంటారు. సెల్ లోపల ప్లస్ పలకా మైనస్ పలకా చాప చుట్టినట్టు కలిపి చుట్టి ఉంటాయని నాకంటే నీకే బాగా తెలుసు. ఆ రెండూ తాకకుండా మధ్యలో ఉండేదే ఈ ప్లాస్టిక్ పొర. వెంట్రుకలో నాలుగో వంతు మందం. కంటికి కనపడని చిల్లులు దాని నిండా. మామూలు పొర నూట ముప్ఫై డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుంటుంది. ముడుచుకున్న చోట రెండు పలకలూ తాకుతాయి. తర్వాత ఏమవుతుందో నీ చెయ్యి చెప్పింది.

నేను చేసేది దానికి పూత వెయ్యడం. అల్యూమినా అని తెల్లటి పొడి, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. వేడికి చలించదు. దాన్ని జిగురుతో కలిపి పొరకి రెండు వైపులా పల్చగా బ్లేడుతో లాగుతాను. లాగేటప్పుడు ఊపిరి తీసుకోకూడదు, తీసుకుంటే గీత పడుతుంది. నూట యాభై డిగ్రీల ఓవెన్లో గంటసేపు పెట్టి చూశాం. పూత లేనిది సగానికి పైగా ముడుచుకుపోయింది. నాది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నలభై ఒక్క నమూనాలు, మామయ్యా. ఒక్కటీ కదల్లేదు.

జూలై 20న నా పరిశోధన మీద సమీక్ష. ఆ రోజు కమిటీవాళ్లు ఔనంటే రెండో ఏడాది నా సీటు ఉంటుంది. లేకపోతే పెట్టె సర్దుకోవడమే. సెల్స్ తయారుచేసేవాళ్లు కూడా వస్తున్నారు, నచ్చితే నా పూత తీసుకెళ్లి వాడి చూస్తారు. నువ్వు బాగుచేసే ప్యాకుల్లో రేపో మాపో నా పొర ఉండొచ్చు.

నిన్నటి నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నీ పెన్సిల్


జూన్ 15

పెన్సిలమ్మా,

నీ ఉత్తరం అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. "వెంట్రుకవాసి కూడా కదల్లేదట" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్తోంది, ఆ పూత తనే వేసినట్టు.

నేనూ ఊరుకోలేదు. కట్టు కట్టించుకుంటూ నర్సమ్మతో అన్నాను, "నా మేనకోడలి పొర ఉన్న సెల్స్ వచ్చేదాకా ఆగండి. అవి వేసి ఇస్తాను. అప్పటిదాకా షట్టర్ ఎత్తను." ఆవిడ కత్తెర ఆపి నా మొహంలోకి చూసింది. "అంతవరకు బస్సులో నిలబడి వెళ్లమంటారన్నమాట" అంది. ఇంకో ముగ్గురికి కూడా ఇదే చెప్పి పంపేశాను.

ఒక ముక్క పంపు. చేత్తో పట్టుకుని చూడకుండా నమ్మడం నాకు చేతకాదు.

మామయ్య


జూన్ 20

మామయ్యా,

నా పొర ఉన్న సెల్స్ బజారుకి రావాలంటే ఏళ్లు పడతాయి. నేను "రేపో మాపో" అన్నది మాట వరసకి. మాటలతో జాగ్రత్తగా ఉండాలని తెలిసీ రాసేశాను. షట్టర్ ఎత్తు మామయ్యా.

కవర్లో నాలుగు ముక్కలున్నాయి. మూల దగ్గర పెన్సిల్ చుక్క ఉన్నవి రెండూ నా పూత వేసినవి. చుక్క లేనివి మామూలువి. పట్టకారుతో పట్టుకో, మడత పెట్టకు. చుక్క ఉన్నదాన్ని వెలుగులో పెట్టి చూడు, సుద్ద పూసిన గోడలా ఉంటుంది. అది నా చెయ్యి.

పెన్సిల్


జూన్ 26

పెన్సిలమ్మా,

ముక్కలు చేరాయి. చూశాను. వెలుగులోనూ చూశాను, వేడిలోనూ చూశాను.

మోటార్ కాయిల్స్ వార్నిష్‌లో ముంచాక ఆరబెట్టే చిన్న ఓవెన్ నాకుంది కదా. నూట యాభైకి పెట్టాను. కాయిల్స్ ఎలా తగిలిస్తానో అలాగే ఒక్కో ముక్కనీ ఒక అంచున క్లిప్పు పెట్టి లోపల తీగకి తగిలించాను. అరగంట. అత్తయ్య కూడా వచ్చి ఓవెన్ కిటికీలోంచి చూసింది.

చుక్క లేనిది బీడీ ముక్కలా చుట్టుకుపోయింది. చుక్క ఉన్నది దానికంటే నయమే, కానీ నాలుగో వంతు ముడుచుకుంది. అంచులు లోపలికి తిరిగాయి. రెండోది పెట్టి చూశాను. అదీ అంతే.

మంచి ముక్కలు సమీక్షకి దాచుకుని నాకు మిగిలినవి పంపావా ఏంటి? పంపినా ఏమనుకోను. చెప్పు.

అత్తయ్య ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.

మామయ్య


జూలై 1

మామయ్యా,

మిగిలినవి పంపే అలవాటు నాకు లేదు. నీకు పంపినవి నమూనా ఇరవై తొమ్మిదిలోంచి కోసినవి. మా గైడ్ మేడం అన్నింటిలోకీ బాగుందని మెచ్చుకున్న నమూనా అది.

నీ ఓవెన్ కాయిల్స్ ఆరబెట్టుకునేది. దాని ముల్లు నూట యాభై చూపిస్తే లోపల నూట ఎనభై ఉందేమో ఎవరికి తెలుసు? పరీక్షకి ఒక పద్ధతుంటుంది. మేము పొరని రెండు గాజు పలకల మధ్య, నలగకుండా, ఎగరకుండా, గాలి తగలకుండా పెడతాం. నువ్వేమో బట్టలారేసినట్టు ఆరేశావు. అలా చూసి ఒక వస్తువు మంచిదో కాదో తేల్చేస్తే ఎలా? నువ్వు పరీక్ష చేశాను అనుకున్నంత మాత్రాన అది పరీక్ష అయిపోదు.

ఇంకా పంతొమ్మిది రోజులుంది. నాకు నిద్ర సరిగా పట్టడం లేదు, అన్నం సహించడం లేదు. ఇప్పుడు నాకు ఇలాంటివి రాయకు.

పెన్సిల్


జూలై 6

నిజమే. పరీక్ష చేశాను అనుకున్నంత మాత్రాన పరీక్ష అయిపోదు. నర్సమ్మ ప్యాక్ కూడా పరీక్ష చేశాననే అనుకున్నాను. ఓవెన్ ప్లగ్ పీకేశాను.

ఒక్కటి అడుగుతాను, తెలియక అడుగుతున్నాను. చచ్చిన సెల్స్ చాలా కోసి చూశాను. చాప చుట్టలో పైనా కిందా పలకలకంటే పొర కొంచెం బయటికి ఉంటుంది, చీర అంచు బయటికి వచ్చినట్టు. అక్కడ దాని మీద ఏ బరువూ ఉండదు. ఆ అంచుని పట్టుకోవడానికి గాజు పలక ఎవరు పెడతారు?

ఈ పూట ఇంతే రాయగలిగాను.


జూలై 8

మామయ్యా,

వారం అయింది, నీ నుంచి ఏమీ రాలేదు. అలిగావా? కోపంలో రాశానని నాకూ తెలుసు, కానీ నువ్వు అలిగేటంత రాశానా?

నిన్న సమీక్షకి ముందు రిహార్సల్ జరిగింది. మేడం ఒక్క తప్పు కూడా పట్టలేదు. చివర్లో అందరూ తేలిగ్గా ఉన్నప్పుడు నీ ఓవెన్ సంగతి చెప్పాను. క్లిప్పు పెట్టి ఆరేశాడు మా మామయ్య అంటే అందరూ పడీ పడీ నవ్వారు. మేడం అయితే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నువ్వు ఉంటే నువ్వూ నవ్వేవాడివి.

రాయి. వేళ్ల కోసమైనా రాయి.

పెన్సిల్


జూలై 11

మామయ్యా,

నీ ఆరో తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. పైన పిలుపు లేదు, కింద సంతకం లేదు. "అది పరీక్ష అయిపోదు" అని నేను రాసిన వాక్యం నీ చేతి వైపు చూస్తూ రాసినట్టుంది అని అప్పుడు కనపడింది. మామయ్యా, నీ ప్యాక్ నా ఆలోచనలోనే లేదు. నా ఓవెన్, నా నమూనా, నా సమీక్ష, అవే ఉన్నాయి. అది ఇంకా తప్పేమో.

నవ్వించానని రాసిన ఉత్తరం కూడా నీకు ఈపాటికి చేరి ఉంటుంది. వెనక్కి తీసుకునే దారి లేదు.

ఇప్పుడు విను. అంచు గురించి నువ్వు అడిగింది చదివి లేచాను, మళ్లీ కూర్చోలేదు. ల్యాబ్‌కి వెళ్లి ఇరవై తొమ్మిదిలోంచి ముక్క కోసి, కాగితాల క్లిప్పు పెట్టి, నూట యాభైలో వేలాడదీశాను. గంట అయ్యాక స్కేలు పెట్టి కొలిచాను. ఇరవై ఏడు శాతం ముడుచుకుంది. ఇంకోటి పెట్టాను. ఇరవై ఆరు. ఇంకోటి. ఇరవై ఎనిమిది. నీ ఓవెన్ ముల్లు సరిగ్గానే ఉంది.

ఎందుకో కూడా అర్థమైంది. గాజు పలక బరువు కింద ఉన్నా మామూలు పొర జారుతూ ముడుచుకుంటుంది, అది నున్నగా ఉంటుంది కాబట్టి. నా పూత గరుకు. గాజుని పట్టుకుని ఉండిపోతుంది. ఇన్నాళ్లూ వేడిని ఆపింది పూత అనుకున్నాను. పలక ఆపింది.

పలక పెట్టమని మొదటి రోజు సీనియర్ అక్క చెప్పింది. ఓవెన్ ఫ్యాన్ గాలికి పొర ఎగిరిపోతుందని. అందరూ అలాగే చేస్తారు. నా నోట్‌బుక్ తీసి నలభై ఒక్క పేజీలూ తిప్పాను. ఉష్ణోగ్రత రాశాను, సమయం రాశాను, బ్లేడు మందం రాశాను. గాజు పలక అని ఒక్కచోటా లేదు. రోజుకో మాట పోగేసుకునేదాన్ని, రాయాల్సిన ఒక్క మాట రాయలేదు.

తొమ్మిది రోజులుంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. చెబితే సీటు ఉండదేమో. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి పదకొండు అడుగులు. ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు.

నీ ఇసుక డ్రమ్ములో ఉన్న ప్యాక్ తెరిచి చూస్తావా? మంట ఎక్కడ మొదలయిందో, అంచు దగ్గరేనా కాదా అని. నీ కళ్లతో చూసింది నాకు కావాలి.

పెన్సిల్


జూలై 13

మేనకోడలికి,

ఎనిమిదో తారీఖు ఉత్తరం అందింది. నవ్వారని తెలిసి సంతోషం. కట్టు పూర్తిగా విప్పేశారు. ఇకనుంచి వార్తలే ఎక్కించుకుందామనుకుంటున్నాను. వాటికి నా మీద కోపమూ ఉండదు, నవ్వూ రాదు.

నీ సమీక్ష బాగా జరగాలి.

మామయ్య


జూలై 16

పెన్సిలమ్మా,

పదమూడో తారీఖున పోస్టు చేసిన కాగితం చేరగానే చించెయ్. చదవకు. చదివినా చదవనట్టు ఉండు.

నువ్వు ఇరవై ఏడు శాతం అని రాసింది చదివి అత్తయ్యని పిలిచాను. "చూశావా, మన ఓవెన్ సరిగ్గానే ఉంది" అన్నాను. "ఓవెన్ సంగతి తర్వాత, పిల్ల ఏమైపోతోందో చూడండి" అంది. నాకు సిగ్గేసింది.

చెప్పమనీ అనను, వద్దనీ అనను. నీ సీటు నీది. నా సంగతి మాత్రం చెప్తాను. ప్యాక్ తెరవమన్నావు. డ్రమ్ము దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. ఇసుక తియ్యలేదు. చెయ్యి నొప్పి అని అత్తయ్యకి చెప్పాను. నొప్పేం లేదు. తెరిస్తే లోపల నా అతుకు కనపడుతుందని భయం. కారణం తెలియనంతవరకు అది ఎవరి తప్పయినా కావొచ్చు కదా. ఈ మాట ఇంట్లో కూడా అనలేదు. నీకు రాస్తున్నాను.

మామయ్య


జూలై 18

మామయ్యా,

నీ జవాబు రాకముందే వెళ్లి చెప్పేశాను. వచ్చేదాకా ఆగితే నువ్వు చెప్పమన్నావనో వద్దన్నావనో ఒక వంక దొరుకుతుందని భయమేసింది.

మేడం గదిలోకి వెళ్లి క్లిప్పు పెట్టిన ముక్కలు బల్ల మీద పెట్టాను. మేడం చాలాసేపు వాటినే చూశారు.

"పలక ఎవరు పెట్టమన్నారు?"

"సీనియర్, మేడం. నోట్‌బుక్‌లో రాయనిది మాత్రం నేనే."

"సెల్ లోపల కూడా పొర మీద ఒత్తిడి ఉంటుంది కదా. పలక పెడితే తప్పేంటి?"

"అంచు దగ్గర ఉండదు, మేడం. మా మామయ్య కోసి చూశాడు."

ఆవిడ లేచి, ఒక ముక్క తనే కోసి, తనే క్లిప్పు పెట్టి, ఓవెన్ ముందు స్టూలు వేసుకుని గంటసేపు కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. తీసి కొలిస్తే ఇరవై ఏడు.

"ఆ మెకానిక్ గురించే కదా మొన్న మనం నవ్వింది?"

"అవును, మేడం."

"నేనే ఎక్కువ నవ్వాను" అన్నారు.

ఎల్లుండి సమీక్షలో నలభై ఒక్క ఫలితాలూ పక్కన పెట్టి, ఈ నాలుగు ముక్కలే చూపించాలట.

పెన్సిల్


జూలై 22

మామయ్యా,

నీవి రెండూ ఒకేరోజు వచ్చాయి. పదమూడోది చదివాకే పదహారోది చదివాను. చించలేదు. రెండూ కలిపి పిన్ను కొట్టి దాచాను, అవి ఒకదానితో ఒకటి ఉండాలి.

సమీక్షలో ఒకాయన అడిగాడు, "ఇది చెప్పడానికి వచ్చావా?" అని. ఔనన్నాను. సెల్స్ తయారుచేసేవాళ్లు కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు. సీటు తియ్యలేదు, ఇవ్వనూ లేదు. నాలుగు నెలలు గడువిచ్చారు. పూతలో జిగురు వేడికి మెత్తబడుతోంది కాబట్టి దాన్ని మార్చి, మెత్తబడనిది వెతికి, మొత్తం మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఈసారి వేలాడదీసి. ఇబ్బందల్లా ఫ్యాన్ గాలి ఒకటే. పొర ఊగి ఓవెన్ గోడకి అంటుకుపోతోంది.

ప్యాక్ తెరవమని ఇంక అడగను.

పెన్సిల్


జూలై 30

పెన్సిలమ్మా,

తెరిచాను.

అత్తయ్య ఇసుక తీసింది, నేను పట్టకారు పట్టుకున్నాను. వేళ్లు బాగానే పట్టుకున్నాయి. ఏడో సెల్ దగ్గర, సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ లేచి ఉంది. నాలుగు చుక్కల అతుకు వెయ్యాల్సిన చోట రెండే పట్టాయి. అది నేను వేసిన అతుకే, నా చెయ్యి నాకు తెలుసు. వేడి అక్కడ పుట్టింది. తర్వాత ఆ సెల్ కోశాను. చుట్ట పై అంచంతా నల్లగా ఉంది, మధ్యలో ఇంకా తెల్లగా ఉంది. పొర అంచు నుంచే ముడుచుకుంది. వేడి నాది, ముడుచుకున్నది పొర. రెండూ ఒక కాగితం మీద రాశాను.

ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నర్సమ్మ నిలబడే చదివింది. "మీ పొరపాటని మీరే రాసిస్తున్నారా?" అంది. ఔనన్నాను. "ముందే చెప్పుంటే కట్టు కొంచెం గట్టిగా కట్టేదాన్ని" అంది. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "కొత్త ప్యాక్ మీరే చెయ్యండి. ప్రతి అతుకూ నా ముందు లాగి చూపించాలి" అంది.

సోమవారం షట్టర్ ఎత్తాను. ఇప్పుడు ప్రతి పట్టీనీ స్ప్రింగ్ త్రాసుతో లాగి చూస్తున్నాను. లేటవుతోందని జనం విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

పార్సెల్లో ఒక చట్రం పంపుతున్నాను. స్టీలు తీగతో చేశాను. పైన ఒక్క అంచునే పట్టుకుంటుంది. ముందూ వెనకా సన్నటి జల్లెడ తెరలున్నాయి, గాలి ఆగుతుంది, పొరని మాత్రం ఏదీ తాకదు. ఒక మూల అతుకు వంకరగా ఉంటుంది. అది మొదటి రోజు వేసింది, మిగతా మూడూ తర్వాత వేసినవి.

మామయ్య


సెప్టెంబర్ 17

మామయ్యా,

ఏడు వారాలు నీకు సరిగా రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు, ఒక్కచోట నిలబడి రాయలేక. ఆరు జిగుర్లు పాడయ్యాయి. ఏడోది నిన్న ఆరింది.

ఇంతవరకు చెప్పుకునేంత గొప్ప సంఖ్య కాదు. గడువుకి ఇంకా రెండు నెలలుంది, సరిపోతుందో లేదో తెలీదు. నోట్‌బుక్‌లో ఈ రోజు పేజీ ఉన్నది ఉన్నట్టు నీకు ఎక్కిస్తున్నాను, నీ వార్తలకి బదులుగా:

"నమూనా 48. జిగురు ఏడు. 150 డిగ్రీలు, ఒక గంట. గాజు పలక లేదు. పై అంచు ఒక్కటే పట్టి వేలాడదీశాను. ముడుచుకున్నది తొమ్మిది శాతం. చట్రం: ఒక మూల వంకర. చేసింది మా చిన్న మామయ్య, కుడిచేత్తో."

నీ
పెన్సిల్